ఆవలిగట్టు అమ్మకం

వీడియో గేములు ఆడుకునే ఆటపెట్టెను కొన్నది ఒక ముసలామె. ఆ పెట్టెలో ఆడే ఆటను కొన్నదీ ఆమే. ఆ ఆటను తయారుచేసిన సంస్థను మరొక సంస్థ కొనేస్తే, ఆమె కొన్నది ఏమవుతుంది? ఈ ప్రశ్నను ఒక ఉదయం తొమ్మిదీ పది నిమిషాలకు పిన్ని అడిగింది. ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

పిన్ని అన్నది పేరు కాదు, వరస. ఐదో అంతస్తులో ఉన్న ఆ చిన్న వీడియో గేముల సంస్థ యజమాని తల్లికి ఆమె స్వయానా చెల్లెలు. యజమానే పిన్ని అని పిలుస్తుంటే, మిగిలిన తొమ్మిదిమంది ఉద్యోగులకు వేరే పిలుపు వెతుక్కునే అవసరం కలగలేదు. ఆమె పని ఆటలను పరీక్షించడం. ప్రోగ్రామర్ తెరమీద ఒక గోడ కడితే, అది నిజంగా గోడేనా అని వెయ్యిసార్లు తల బాదుకుని చూడడం. దొరికిన ప్రతి లోపానికీ ఒక నంబరు వేసి గళ్ల నోటుపుస్తకంలో రాయడం. ఆరేళ్లలో ఆమె పట్టిన లోపాలు నాలుగువేల మూడువందల పన్నెండు. ఒక నియమం ఎంత గట్టిదో తెలియాలంటే దాన్ని ధిక్కరించకూడదు, అక్షరాలా పాటించాలి అన్నది ఆమె పద్ధతి.

ఆ సంస్థ చేసిన ఆట ఒక్కటే. పేరు ‘ఆవలిగట్టు’. అందులో తుపాకీ లేదు, గెలుపు లేదు. ఒక నది, దానికి రెండు రేవులు, మధ్యన ఒకే పడవ. ఈ గట్టు మనిషి సరుకు ఎక్కించి గంట కొడితే, ఆ గట్టు మనిషి తాడు లాగాలి. ఒంటరిగా ఆడడం కుదరదు. యజమాని తల్లి తుంటి ఎముక విరిగి, పది నెలలుగా ఏడు బస్‌స్టాపుల అవతల ఉన్న తన గది దాటలేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆమె ఆవలిగట్టున నిలబడేది. ఈవలిగట్టున, ఆఫీసు పెట్టె ముందు, చెల్లెలు. ఆ గంటసేపు ఆమెకు తుంటి గుర్తుండేది కాదు.

ఆటపెట్టెలు అమ్మే మహాసంస్థలు రెండు. ఒకరి పెట్టె నీలం, మరొకరిది ఎరుపు. మంచి ఆటలు తయారుచేయడం కన్నా, తయారుచేసేవారిని కొనేయడం సులువని ఇద్దరూ ఎప్పుడో కనిపెట్టారు. కొన్న మరుక్షణం ఆ ఆట ఎదుటివారి పెట్టెలోంచి మాయమవుతుంది. దీనికి వారు పెట్టుకున్న పేరు ‘ప్రత్యేక హక్కు’. పక్కింటి దీపం ఆర్పేసి, తన గదిలో వెలుతురు పెరిగిందని చాటుకోవడానికి ఇంతకన్నా మర్యాదైన మాట దొరకదు.

ఆ ఉదయం ‘ఆవలిగట్టు’ను నీలి సంస్థ కొనబోతున్నది. పదింటికి వారి లాయరు రాక, పదకొండింటికి సంతకం, పన్నెండింటికి ఎర్రపెట్టెల్లో ఆట ఆగిపోవడం, ఒంటిగంటకు భోజనం. ఇదీ ప్రణాళిక. ఆరేళ్లుగా ఒకే పడవకు అతుకులు వేసి విసిగిపోయిన యజమాని రెండో ఆట తయారుచేయాలని తహతహలాడుతున్నాడు. అందుకు కావలసిన మనుషులందరూ నీలి సంస్థలో ఉన్నారు. అతని తల్లి పెట్టె మాత్రం ఎరుపు.

"అమ్మకి చెప్పావా?" అని అడిగింది పిన్ని.

"చెప్తాలే పిన్నీ, నెమ్మదిగా."

"పన్నెండింటికి ఆట పోతే, నాలుగింటికి నెమ్మదిగా చెప్తావా?"

"కొత్తగా నీలిపెట్టె కొనిపెడతాను. సరేనా?"

"ఆరేళ్ల రేవు రా అది. గోదాములు, తాళ్లు, ఆవిడ పెంచుకున్న మేకతో సహా ఆ ఎర్రపెట్టెలో ఉంది. ఇందులోంచి అందులోకి వస్తాయా అవి?"

యజమాని ప్రోగ్రామర్ వైపు చూశాడు. ప్రోగ్రామర్ కిటికీ వైపు చూసి, "మేక అస్సలు రాదు పిన్నీ" అన్నాడు.

నీలి సంస్థ లాయరమ్మ పదింటికి ఒక నిమిషం ముందే వచ్చింది. ఫైలు, కలం, చిరునవ్వు. మూడూ సంస్థవారు ఇచ్చినవే. పాత ఆటగాళ్లకు ఎర్రపెట్టెలో ఆట కొనసాగేలా ఒక్క వాక్యం చేర్చమని పిన్ని అడిగితే, "ఒక్క అక్షరం కూడా మార్చే అధికారం నాకు లేదమ్మా" అన్నది. అబద్ధం కాదు. మార్చే అధికారం ఎవరికీ లేకుండా రాయడమే ఆ పత్రం ప్రత్యేకత. పిన్ని ఇక వాదించలేదు. పత్రం తీసుకుని, ఆటను పరీక్షించినట్టు మొదటి పుట నుంచి చదవసాగింది.

పద్నాలుగో నిబంధన దగ్గర ఆమె వేలు ఆగింది. సంతకాలు జరిగే చోట పోటీ సంస్థకు గాని, దాని అనుబంధ సంస్థలకు గాని చెందిన ఏ వస్తువూ ఉండరాదు. అంతకుముందు ఏడాది ఇలాంటి సంతకాల ఫోటోలో వెనకాల ఎర్రపెట్టె ఒకటి కనబడి, నీలి సంస్థ నవ్వులపాలైంది. ఆ నవ్వుకు పుట్టిన నిబంధన ఇది.

"అనుబంధ సంస్థలంటే ఏవండీ?"

"అది మామూలుగా రాసే మాటేనమ్మా."

"మామూలుగా రాసే మాటల్లోనే నాకు లోపాలు దొరుకుతుంటాయి. ఆ ప్రింటరు కింద ఎవరి పేరుందో ఓసారి చూస్తారా?"

"పిన్నీ!" అన్నాడు యజమాని.

"అడిగాను రా. అంతేగా!"

పన్నాగమేమీ లేదు. ఆమెది వట్టి కుతూహలం. గోడ కనబడితే తల ఆనించే అలవాటు. మరొక లాయరైతే నవ్వి ఊరుకునేది. ఈమె నిజాయితీపరురాలు, తెలియనిది తెలియదని ఒప్పుకునే మనిషి. కొంప ముంచింది ఆ గుణమే. ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేసింది. ఎనిమిది నిమిషాల్లో ఎర్ర సంస్థ అనుబంధ సంస్థల జాబితా వచ్చింది. రెండువందల పన్నెండు పేర్లు. పిన్ని ఒక్కొక్కటీ పైకి చదువుతుంటే, గదిలోని వస్తువులు ఒక్కొక్కటీ శత్రుపక్షంలో చేరిపోయాయి.

ప్రింటరు వారిది. నీళ్ల యంత్రం వారిది. ఎనిమిది తెరలు, పదకొండు కుర్చీలు వారివే. గోడ గడియారం గంటల ముల్లు నుంచి మేకు దాకా వారిది.

"ఇవన్నీ బయట పెట్టించండి సార్. గంటలో అయిపోవాలి" అన్నది లాయరమ్మ.

"లిఫ్టులో దించేద్దాం" అన్నాడు ప్రోగ్రామర్.

పిన్ని జాబితాలో నూటపదిహేడో పేరు చూపించింది. లిఫ్టూ వారిదే. వాడొద్దంది లాయరమ్మ.

పదకొండుమంది మనుషులు కుర్చీలు నెత్తిన పెట్టుకుని ఐదు అంతస్తుల మెట్లు దిగారు. తెరలను పసిపిల్లల్లా ఎత్తుకున్నారు. వీధి పక్క కాలిబాట మీద, చెప్పుల దుకాణం ముందు, సంస్థ సంసారమంతా పేర్చారు. తిరిగి పైకి వచ్చేసరికి లాయరమ్మ పైకప్పు వైపు చూస్తోంది. ఏసీలు మూడు. అవి కూడా వారివే. ఊడదీసేవారు సాయంత్రంలోపు రామన్నారు. పైగా వాటి నిచ్చెన కూడా జాబితాలో ఉన్నట్టు తేలింది.

"అయితే వస్తువుల్ని కదిలించడం ఎందుకండీ? ఒప్పందాన్నే కదిలిద్దాం. వరండాలో సంతకం పెట్టేస్తాను" అన్నాడు యజమాని. అప్పటికే అతని గొంతు కీచుగా మారింది.

వరండాలో దీపాలు వారివి. మెట్ల దగ్గర నిప్పు ఆర్పే సిలిండరు వారిది. చివరికి అందరూ కిందికి దిగి కాలిబాటకు చేరారు. అక్కడ సామాను కొండలా ఉంది. ఆ కొండంతా వారిదే.

"సామాను ఉన్నచోట సంతకం కుదరదు" అన్నది లాయరమ్మ. ఎండకు ఆమె చిరునవ్వు కూడా వాడిపోయింది.

"రోడ్డు దాటుదామా పోనీ?" అన్నది పిన్ని, సాయం చేద్దామనే.

దాటారు. అటువైపు కాలిబాట మీద బల్ల లేదు. ప్రోగ్రామర్ వంగి వీపు ఇచ్చాడు. సామాను ఉన్నవైపు ఒకావిడ కుర్చీలో కూర్చుని ఊగి చూసి, "ఇది ఎంతకిస్తారు?" అని కేకవేసింది. చెప్పుల దుకాణదారు, "దివాలా తీశారటండీ, పాపం, పొద్దుటినుంచి మోస్తున్నారు" అని పోయేవారికి వివరించసాగాడు. ఆ మాట ఆగివున్న బస్సు కిటికీలోకి వెళ్లింది. కిటికీ పక్కన యజమాని తల్లి పొరుగింటావిడ కూర్చుని ఉంది. ఆ కబురు యజమాని తల్లికి చేరడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

పిన్ని చేతిసంచీలో ఫోన్ మోగింది. మీటలు నొక్కే పాత ఫోన్. దాన్ని చేసిన సంస్థ ఎప్పుడో మూతపడింది. ఎవరూ కొనలేదు కనుక ఆ వీధిలో ఏ పక్షానికీ చెందని వస్తువు అదొక్కటే.

"ఏమే, నా కొడుకుని రోడ్డున పడేశారటగా!"

"పడెయ్యలేదక్కా, మేమే వచ్చి నించున్నాం. ఉండు, పెట్టెయ్యకు" అని పిన్ని ఫోన్‌ను చేతిలోనే పట్టుకుంది, ఎందుకంటే అప్పుడే ఆఖరి అడ్డంకి బయటపడింది. లాయరమ్మ కళ్లద్దాల కాడకు లోపలివైపు సన్నటి అక్షరాల్లో ఒక పేరుంది. జాబితాలో నూటతొంభై. ఆమె రెండు చేతులతో అద్దాలు తీసి, రోడ్డు దాటి, సామాను కొండ మీద పెట్టి, చేతులు చాచి తడుముకుంటూ వెనక్కి వచ్చింది. ఇప్పుడు నిబంధన నెరవేరింది. పత్రం మాత్రం ఆమెకు కనబడదు.

"చదవనిదాన్ని నేను ధ్రువీకరించలేను" అన్నదామె, ఏడుపు ఆపుకుంటూ.

"నేను చదివిపెడతానండీ" అన్నది పిన్ని. ఫోన్ స్పీకరు పెట్టి ఉన్న సంగతి ఆమెకు తెలుసో తెలియదో నిర్ధారణగా చెప్పడం కష్టం. తొమ్మిదో నిబంధన ఆమె ఎలుగెత్తి చదివింది: ఎర్రపెట్టెలో ఈ ఆట సంతకమైన నాటి మధ్యాహ్నం నుంచి నిలిచిపోవును, దాన్ని లోగడ కొన్నవారు కొన్నట్టు కాక, తాత్కాలికంగా అనుమతి పొందినట్టు భావించవలెను.



"ఒరేయ్ నాన్నా, ఇదేనా నువ్వు నెమ్మదిగా చెప్దామనుకున్నది?" అన్నది తల్లి.

యజమాని కలం పట్టుకున్న చేయి ప్రోగ్రామర్ వీపు మీద ఆగిపోయింది. సరిగ్గా అప్పుడు లాయరమ్మ ఫోన్ మోగింది. ఆమె విన్నది. "మళ్లీ చెప్పండి" అన్నది. మళ్లీ విన్నది. అద్దాలు లేని కళ్లతో అందరివైపూ తిరిగింది.

"పదకొండున్నరకి ఎర్ర సంస్థ మమ్మల్ని కొనేసింది."

"మిమ్మల్నా? మొత్తంగానా?" అన్నాడు యజమాని.

"మొత్తంగానే సార్. ఇప్పుడు మేమే వాళ్లం. నా కళ్లద్దాలు తెచ్చిపెడతారా ఎవరైనా?"

యజమాని ముఖం వికసించింది. అమ్మ పెట్టె ఎరుపే! ఇక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. కలం మళ్లీ పైకి లేచింది. ఆలోగా పిన్ని అడగవలసినది అడిగింది.

"అయితే ఆట ఏ పెట్టెలో ఉంటుందండీ ఇక?"

కళ్లద్దాలు చేరుకున్న లాయరమ్మ, ఫోన్‌లో వచ్చిన కొత్త షరతు చదివింది. "రెండు పాత పెట్టెల్లోనూ ఆపేస్తారు. రెండు సంస్థలూ కలిసి ఒక కొత్త పెట్టె తయారుచేస్తాయి. ప్రత్యేక హక్కు దానికే."

"అదెప్పుడొస్తుంది?"

"వచ్చే ఏడాది. లేకపోతే ఆ పై ఏడాది."

"అప్పటిదాకా?"

"విశ్రాంతిలో ఉంటుందని రాశారండీ."

"నాకు డెబ్బై ఒకటి రా" అన్నది ఫోన్‌లోంచి తల్లి. గొంతులో కోపం లేదు, కుతూహలమే ఉంది. "నన్ను కూడా విశ్రాంతిలో పెట్టి, పెట్టె వచ్చాక లేపుతావా?"

యజమాని రోడ్డు అవతలికి చూశాడు. కుర్చీలు, తెరలు, వాటి మధ్య చెమటలు తుడుచుకుంటున్న మనుషులు. అతని రెండో ఆట అక్కడెక్కడా లేదు. అతను కలానికి మూత పెట్టాడు.

"సంతకం పెట్టనండీ."

"కారణం రాయాలి సార్" అన్నది లాయరమ్మ.

"లోపం అని రాయండి. నంబరు నేనిస్తాను" అన్నది పిన్ని.

సామానంతా మళ్లీ పైకెక్కింది, ఈసారి లిఫ్టులో. ఒక కుర్చీని ఎవరో నిజంగానే తీసుకుపోయారు. ప్రోగ్రామర్ వీపుకు కాపడం పెట్టారు. రెండో ఆట ఎలా తయారుచేయాలో ఎవరికీ తెలియదు. అయినా నాలుగు గంటలకు ఒక నిమిషం ముందు ఆఫీసంతా పిన్ని కుర్చీ వెనక చేరింది. ఆమె సరుకు ఎక్కించి గంట కొట్టింది. ఆవలిగట్టున తాడు కదలలేదు. మళ్లీ కొట్టింది. యజమాని పాలిపోయి తల్లికి ఫోన్ చేశాడు.

"ఆట ఎక్కడికీ పోలేదు లేరా. ఎర్ర సంస్థ పెద్దదైందట, కొత్త షరతులు పంపింది. నలభై ఆరు పుటలు. కింద ‘అంగీకరిస్తున్నాను’ అని మీట ఉంది. చదవకుండా ఎలా నొక్కుతాను?"

"అందరూ ఊరికే నొక్కేస్తారమ్మా!"

"అందుకేగా నువ్వు రోడ్డున పడ్డావు" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ రోజు పడవ కదలలేదు. ఆరున్నరకు ఆమె నలభై ఆరో పుట ముగించి, మూడు చోట్ల అభ్యంతరం ఉందని ఎర్ర సంస్థకు ఉత్తరం రాసి, ఆ తర్వాతే మీట నొక్కింది. మీరు ఆ మీటను చదివి నొక్కిన రోజేదో, తేదీతో సహా చెప్పండి.