ట్యాంకులో సగం మనిషి

ఆ శనివారం పొద్దున మల్లికార్జున పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగాలి, బాల్కనీలో కూర్చోవాలి, ట్యాంకు మీద చివరి విడత దుమ్ము జల్లాలి, అది ఆరాక అట్టపెట్టెలో సర్దాలి. మర్నాడు ఢిల్లీలో నమూనా వాహనాలు తయారుచేసేవాళ్ల ప్రదర్శన ఉంది. దానికోసం అతను నెలల తరబడి అరచేతిలో పట్టేంత యుద్ధట్యాంకు ఒకదానితో కుస్తీ పడుతున్నాడు.

ట్యాంకు కట్టడం పెద్ద పనేం కాదు. ప్లాస్టిక్ ముక్కలు పెట్టెలో వస్తాయి, కాగితం చూసుకుంటూ అతికిస్తే సరిపోతుంది. అసలు పని ఆ తర్వాతే. కొత్తగా నిగనిగలాడుతున్న ట్యాంకును జైసల్మేరు ఎడారిలో ఏళ్లపాటు ఎండకెండి, ఇసుక గాలుల్లో నలిగి, డీజిలు కక్కుకుంటూ తిరిగినదానిలా మార్చాలి. ముందు తుప్పురంగు వేసి, దానిమీద హెయిర్ స్ప్రే కొట్టి, ఆపైన ఇసుకరంగు వేసి, తడి బ్రష్షుతో రుద్దితే పైరంగు పెచ్చులుగా లేచి కింది తుప్పు బయటపడుతుంది. నోయిడాలో సాఫ్ట్‌వేర్ మేనేజరుగా మల్లికార్జున చేసే ఉద్యోగం దీనికి సరిగ్గా తిరగేసినది. అక్కడ తుప్పుపట్టిన ప్రాజెక్టుల్ని క్లయింటు ముందు కొత్తవాటిలా మెరిపించినందుకు జీతమిస్తారు. సెలవురోజుల్లో ఆ పాపమే కడుక్కుంటున్నాడని భార్య సుభాషిణి అభిప్రాయం.

సుభాషిణికి ఆ ట్యాంకు మీద ప్రత్యేకంగా పగేమీ లేదు. తన హెయిర్ స్ప్రే డబ్బాలు ఎక్కడికి పోతున్నాయో ఆమెకు తెలుసు. టీ వడగట్టే జాలీకి పట్టిన గతీ తెలుసు. తెలియనిది ఒకటే. జైసల్మేరు నుంచి మంచినీళ్ల సీసాలో మోసుకొచ్చిన అసలు సిసలు ఎడారి ఇసుక, అంత చిన్న ట్యాంకు పక్కన పోస్తే గులకరాళ్లలా కనబడింది. దాన్ని పిండి చెయ్యక తప్పలేదు. ఇంట్లో పిండి చేసే యంత్రం మిక్సీ ఒక్కటే. ఆనాటినుంచీ ఆ ఇంట్లో కొబ్బరిపచ్చడి పళ్లకింద కరకరలాడుతోంది. సుభాషిణి కొబ్బరికాయలవాణ్ణి అనుమానించి ఇప్పటికి రెండు దుకాణాలు మార్చింది.

కాఫీ అయ్యాక, రంగు పలచన చేసే థిన్నరు సీసా గేటు దగ్గరికి వచ్చిందని గార్డు ఫోన్ చేస్తే మల్లికార్జున లిఫ్టెక్కాడు. అప్పుడే ఢిల్లీ ద్వారకాలో ఉండే కిరీటి ఫోన్ చేశాడు. అతనిదీ ఇదే పిచ్చి. లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగి, శాలువా కప్పుకున్న ఒక పెద్దావిడ కూరల సంచీతో ఎక్కింది. ఢిల్లీ పక్కన తాముండే ఇందిరాపురంలో, లిఫ్టులో తెలుగు మాట్లాడితే గోడలతో మాట్లాడినట్టేనని మల్లికార్జున నమ్మకం. సిగ్నలు సరిగా లేదు కాబట్టి ఆ గోడలకు బాగా వినపడేట్టే మాట్లాడాడు.

"ట్యాంకు సంగతి అడక్కు కిరీటీ, తుప్పు బ్రహ్మాండంగా పట్టింది. మట్టి కొట్టాను, మురికినూనె కూడా ఒలకబోశాను. ఇవాళ ఇంకో విడత పొడి జల్లితే అయిపోయినట్టే. ఎవరొచ్చి చూసినా ఇరవై ఏళ్లుగా దీన్ని కడగలేదనే అనుకోవాలి."

అవతల కిరీటి, ట్యాంకు మూతలోంచి తల బయటపెట్టి చూసే సైనికుడి బొమ్మ సంగతి అడిగాడు.

"వాణ్ణి నిన్ననే లోపల పెట్టేశా. పట్టకపోతే నడుం కిందంతా కోసేశా, ఎలాగూ పైకి కనబడదుగా. తలొక్కటే పేచీ పెడుతోంది, నిలబడటం లేదు. సుభాషిణి దగ్గర మాత్రం నోరు జారకు. మిక్సీలో వేశానని తెలిస్తే నన్ను బతకనివ్వదు."

ఆ శాలువా ఆవిడ పేరు జానకీదేవి. ఊరు భీమవరం. భర్తకు బ్యాంకులో బదిలీ అయి వారం కిందటే ఈ టవరులో దిగారు. వారం రోజులుగా బయట ఒక్క తెలుగు ముక్క చెవినపడక ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది. మొదటి మాట వినగానే మొహం విప్పారింది. పలకరిద్దామని నోరు కూడా తెరిచింది. లిఫ్టు కిందికి చేరేసరికి ఆ నోరు తెరిచినట్టే ఉండిపోయింది. కూరలు కొనకుండానే మెట్లెక్కి నాలుగో అంతస్తుకు వెళ్లిపోయింది.

జానకీదేవి హిందీ వయసు కూడా వారమే. నీళ్ల ట్యాంకును ఇక్కడ టంకీ అంటారని మొన్ననే పనమ్మాయి దగ్గర నేర్చుకుంది. యుద్ధట్యాంకును ఏమంటారో నేర్చుకోవలసిన అవసరం ఆవిడకు ఇంకా రాలేదు. ఎదురింటి తలుపు కొట్టి, "టంకీ మే మిట్టీ. తేల్. ఆద్మీ, ఆధా. సిర్ ఢీలా," అని ట్యాంకులో మట్టి, నూనె, సగం మనిషి, వదులైన తల, ఉన్న సరుకంతా బయటపెట్టేసింది. ఎదురింటావిడకు హిందీ వ్యాకరణం బాగా వచ్చు. ఆ ముక్కలన్నిటినీ చక్కటి వాక్యాలుగా కూర్చి, తగినచోట విశేషణాలు కూడా చేర్చి, టవరు వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

ఇక ఆ టవరు వాళ్లకు కావలసినంత కాలక్షేపం. పొద్దున టీలో ఏదో తేడాగా అనిపించిందని మూడో అంతస్తు ఆవిడ రాసింది. టీ తాగని వాళ్లకు కూడా కడుపులో తిప్పడం మొదలైంది. ఒకాయన మొన్నటి పప్పు మీద ఇప్పుడు ఫిర్యాదు చేశాడు. నూనె కాస్తా రసాయనమైంది, మట్టి కాస్తా విషమైంది. సగం మనిషి మాత్రం సగంగానే ఉన్నాడు. మిగతా సగం ఏ టవరులో ఉందో ఆ టవరు వాళ్లు కూడా చూసుకోవాలని ఒకావిడ బాధ్యతగా సలహా ఇచ్చింది. గార్డు మోటారు ఆపేశాడు. కింది దుకాణంలో నీళ్ల క్యాన్లు అయిపోయాయి. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు.

ఇంతా జరుగుతుంటే మల్లికార్జున తొమ్మిదో అంతస్తు బాల్కనీలో ముక్కుకు మాస్కు, చేతులకు గ్లవుసులు తగిలించుకుని ఊపిరి బిగబట్టి దుమ్ము జల్లుకుంటున్నాడు. ఎనిమిదో క్లాసు చదివే కూతురు అక్షర ఫోన్ పట్టుకుని వచ్చింది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. "పాపా, టంకీ మే డెడ్ బాడీ హై. పానీ మత్ పీనా," అంది. ట్యాంకులో శవం ఉందట, నీళ్లు తాగొద్దట.

మల్లికార్జునకు ఒళ్లు మండిపోయింది. మనుషుల మధ్యే బతుకుతున్నామా అన్నాడు. సంఘం పట్ల తనకూ బాధ్యత ఉంది కాబట్టి, ఒక గ్లవుసు ఊడదీసి గ్రూపులో సందేశం పెట్టాడు. ఇలాంటి పశువు మన టవరులోనే ఉన్నా సరే, మొహమాటపడకుండా పోలీసులకు పట్టించాలని, బెయిలు కూడా ఇవ్వకూడదని దాని సారాంశం. చాలామంది మెచ్చుకుంటూ బొటనవేళ్లు పెట్టారు. తృప్తిగా మళ్లీ గ్లవుసు తొడుక్కున్నాడు.

కాసేపటికి బెల్లు మోగింది. తలుపు తీస్తే సొసైటీ అధ్యక్షుడు త్యాగీ, ఒక సబ్ ఇన్‌స్పెక్టరు, పొద్దున లిఫ్టులో దిగిందెవరో చెప్పి దారి చూపించిన గార్డు లాఠీతో, వాళ్ల వెనక శాలువాలో జానకీదేవి ఉన్నారు. వాళ్లకు ఎదురుగా మాస్కు కట్టుకున్న మనిషి, మణికట్ల దాకా తుప్పురంగు ఎర్రటి మరకలతో నిలబడ్డాడు. ట్యాంకు మనిషి మీరేనా అని ఇన్‌స్పెక్టరు హిందీలో అడిగాడు.

మల్లికార్జున గుండె ఉప్పొంగింది. ఈ సొసైటీలో ఇన్నేళ్లుగా ఉంటున్నా అతని ట్యాంకు గురించి పిలిచి అడిగిన నాథుడు లేడు. శవం పనిమీద వచ్చిన పోలీసు, పక్కనే ఇలాంటి కళాకారుడున్నాడని విని చూడ్డానికొచ్చాడనుకున్నాడు. ఖాకీ తొడిగిన మనిషికి యుద్ధట్యాంకు మీద ఆసక్తి ఉండటంలో అతనికి వింతేమీ కనబడలేదు. ఔను, నేనేనని వినయంగా ఒప్పుకున్నాడు.

"లోపల మనిషిని పెట్టింది కూడా మీరేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే. లెక్కప్రకారం ముగ్గురుండాలి. మిగతావాళ్లు లోపలికుంటారు, ఎవరికీ కనబడరు కదా అని ఒక్కడితో సరిపెట్టాను."

గార్డు లాఠీ గట్టిగా పట్టుకున్నాడు.

"కోసింది దేంతో?"

"బ్లేడుతోనే. రంపం పెడితే అంచులు పాడవుతాయండీ," అన్నాడు మల్లికార్జున, శిష్యుడు దొరికిన సంబరంలో.

త్యాగీ గోడ పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం ఓపికగా తల సంగతి అడిగాడు. ఇప్పుడు గట్టిగానే నిలబడింది, మళ్లీ గమ్ పెట్టానని మల్లికార్జున చెప్పాడు. తన ఉద్యోగజీవితంలో తలను గమ్ పెట్టి అతికించిన హంతకుడు తగలకపోవడంతో ఇన్‌స్పెక్టరు ఆలోచనలో పడ్డాడు. ఆ సందులో జానకీదేవి ముందుకొచ్చింది.

"మిక్సీ సంగతి అడగండి, మిక్సీ," అంది తెలుగులో.

టవరులో ఇంకో తెలుగు మనిషి ఉందని మల్లికార్జునకు తెలిసిన క్షణమది. అదే క్షణంలో వంటింట్లోంచి సుభాషిణి గొంతు వినిపించింది.

"మిక్సీకి ఏమైంది?"

మల్లికార్జునకు లిఫ్టులో మాట్లాడిన మాటలు వరసగా గుర్తొచ్చాయి. బాల్కనీలోకి వెళ్లి ట్యాంకును పళ్లెంలో పెట్టుకుని వచ్చి, బల్లమీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు ఒంగి చూశాడు. ట్యాంకు మూతలోంచి వేలిగోరంత సైనికుడొకడు నడుందాకా లేచి, ఎదురుగా పోలీసు ముక్కును దుర్భిణి పెట్టి చూస్తున్నాడు. తల నిజంగానే గట్టిగా నిలబడింది.

జరిగిందేమిటో రెండు భాషల్లోనూ వివరించేసరికి మల్లికార్జున గొంతు ఎండిపోయింది. మోటారు ఆపేశారు కాబట్టి తాగడానికి నీళ్లు కూడా లేవు. జానకీదేవి ఏమాత్రం నొచ్చుకోలేదు. "నా తప్పేముంది బాబూ, ట్యాంకన్నావు, ట్యాంకనే విన్నాను. వారం నుంచి తెలుగు వినక మొహం వాచి ఉన్నానేమో, ఒక్క ముక్క వదలకుండా విన్నాను," అంది. సుభాషిణి మిక్సీ జారు పట్టుకొచ్చింది. అడుగున వేలితో రాసి, వేళ్ల మధ్య నలిపి, "అయితే కొబ్బరికాయలది కాదన్నమాట తప్పు," అంది. అంతకుమించి ఏమీ అనలేదు. పెళ్లయి పదిహేనేళ్లయిన మనిషి కాబట్టి, పోలీసులు తనను ఇప్పుడు తీసుకుపోయినా బావుండునని మల్లికార్జునకు అనిపించింది.

ఇన్‌స్పెక్టరుకు అలాంటి ఉద్దేశం లేదు. అయితే నీళ్ల ట్యాంకులో శవం ఉందని ఫిర్యాదు వచ్చింది కాబట్టి, లేదని రాసుకోవడానికైనా ఒకసారి మూత తీసి చూడాలన్నాడు.

అంతసేపూ అందరికంటే ఎక్కువగా శవాన్ని నమ్మిన త్యాగీ, ఆ మాటతో హఠాత్తుగా మారిపోయాడు. పిల్లల ఆటబొమ్మ గొడవకి అంత దూరం ఎందుకన్నాడు. డాబా తాళంచెవి ఎక్కడుందో తెలియదన్నాడు. ఆరునెలలకోసారి ట్యాంకులు శుభ్రంగా కడిగిస్తున్నట్టు నోటీసు బోర్డులో తన సంతకంతో సహా ఉందన్నాడు. ఇన్‌స్పెక్టరు ఆ నోటీసును అభినందించి, గార్డు చేత తాళం పగలగొట్టించాడు. టవరులో సగంమంది వెనకే డాబా ఎక్కారు.

మూత లేవలేదు. తుప్పుపట్టి అంచులకు కరుచుకుపోయింది. గార్డు గునపం పెట్టి లేపితే, లోపలినుంచి వచ్చిన గాలికి ముందు నిలబడ్డవాళ్లు వెనక్కీ, వెనక నిలబడ్డవాళ్లు మెట్లమీదికీ వెళ్లారు. శవం ఉంది. ఒకటి కాదు, చాలా ఉన్నాయి, అన్నీ పావురాలవి. కింద మోకాలిలోతు ఒండ్రు, దానిమీద ఒంటికాలి చెప్పు ఒకటి, గోడలనిండా ఆకుపచ్చటి నాచు. పొద్దున టీలో తేడా కనిపెట్టినావిడ, ఇన్నేళ్లుగా ఏ తేడా కనిపెట్టలేకపోయినందుకు మెట్లమీద కూలబడింది.

ముక్కు మూసుకోకుండా దగ్గరగా వెళ్లినవాడు మల్లికార్జున ఒక్కడే. అతని కళ్లు చెమర్చాయి. మూత అంచుల్లో తుప్పు కారిన చారలు, ఒకదానిమీదొకటి పేరుకున్న మట్టిపొరలు, బోల్టుల చుట్టూ నల్లటి జిడ్డు. ఆర్నెల్లపాటు హెయిర్ స్ప్రేలు తగలేసినా తను సాధించలేనిదంతా, సొసైటీ కార్యవర్గం ఏ శ్రమా పడకుండా సాధించింది. ఫోన్ తీసి, ఒంగి, పక్కకు తిరిగి, ప్రతి చారనూ ఫొటోలు తీసుకున్నాడు. సాయంత్రం తన ట్యాంకు మీద వాటిని ఉన్నవి ఉన్నట్టు దించుకోవచ్చనే తప్ప అతనికి వేరే ఆలోచన లేదు.

చుట్టూ ఉన్నవాళ్లకు అది సాక్ష్యాల సేకరణలా కనబడింది. మొదట ఎవరన్నారో తెలియదు గానీ, ఇదంతా మల్లికార్జున కావాలనే చేశాడన్న మాట పుట్టింది. మామూలుగా ఫిర్యాదు చేస్తే ఎవరూ మూత తీయరని తెలిసే, శవం కథ అల్లి పోలీసుల్ని రప్పించాడట. అతను కాదనబోయాడు. నిగర్వి అని కూడా అన్నారు. త్యాగీ ఎప్పుడు మెట్లు దిగాడో, దిగుతూ దిగుతూ గ్రూపులో రాజీనామా ఎప్పుడు పెట్టాడో ఎవరూ గమనించలేదు. అక్కడికక్కడే చేతులెత్తి మల్లికార్జునను మంచినీటి కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది సుభాషిణి. మర్నాడు పొద్దున్నుంచే ట్యాంకులన్నీ దగ్గరుండి తోమించే బాధ్యత ఆయనదేనని కూడా తనే చెప్పింది.

ఆ సాయంత్రం అతను ఫొటోలు ఎదురుగా పెట్టుకుని, ప్రతి చారనూ ఒక్క వెంట్రుక తేడా లేకుండా తన ట్యాంకు మీదికి ఎక్కించాడు. ఆదివారం కిరీటి వచ్చి దాన్ని ప్రదర్శనకు పట్టుకుపోయాడు. మల్లికార్జున రబ్బరు బూట్లు వేసుకుని డాబా ఎక్కాడు. కూలీలు బ్లీచింగు పౌడరు జల్లి, చూస్తుండగానే అంత అందమైన తుప్పునూ, అన్నేళ్ల మట్టిపొరలనూ గీకి గీకి పారేస్తుంటే, బాగుంది, ఇంకా రుద్దండని చెప్పవలసి వచ్చింది.

మధ్యాహ్నానికి కిరీటి ఫోన్ చేశాడు. బహుమతి రాలేదు. పనితనం గొప్పగానే ఉందట గానీ మురికి మరీ అతిగా వేశారని జడ్జీలు అన్నారట. ఎంత దిక్కూమొక్కూ లేనిచోట వదిలేసినా ఏ ట్యాంకూ ఇంత ఘోరంగా తయారవదని, సహజత్వం లోపించిందని కాగితం మీద రాసి మరీ ఇచ్చారట.

ఆ జడ్జీల్లో ఇందిరాపురంలో కాపురముండేవాళ్లు ఒక్కరూ లేరట.