సహిత విద్యలో నాకు నూటికి నూరు!

ఆటిజం ఉన్న పిల్లల్ని మామూలు క్లాసులో కూర్చోబెట్టుకోవడమంత తేలికైన పని ఇంకోటి లేదు! కావలసిందల్లా ఒక సెల్‌ఫోను, దానికి నిండా చార్జింగు. అంతే.

నమ్మరా? నా పేరు జయరావు. ప్రత్తిపాడు దగ్గర ఒక హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఇలా పిల్లలందర్నీ కలిపి చదివించే సహిత విద్య మీద ఆన్‌లైన్ ట్రైనింగులో నూటికి నూరు తెచ్చుకున్నవాణ్ణి. వీడియోలు ఫోన్లో నడుస్తుంటే నేను సెలూన్లో గడ్డం గీయించుకున్నాను. చివర్లో పది ప్రశ్నలొస్తే అన్నిటికీ ‘పైవన్నీ’ అని నొక్కాను. ఇంత ప్రతిభ ఊరికే వస్తుందా చెప్పండి?

మొన్న జూన్‌లో ఖుర్షిదా తన కూతురు అర్ఫాని ఆరో తరగతిలో చేర్చడానికి తీసుకొచ్చింది. ఖుర్షిదాది మిరపకాయలకి తొడిమలు తీసే కూలిపని. అర్ఫాకి పదకొండేళ్లు, ఆటిజం ఉంది. మాట తక్కువ, చప్పుళ్లు పడవు.

“చూడమ్మా, నీ మంచికే చెప్తున్నా. ఇలాంటి పిల్లలకి స్పెషల్ స్కూలయితే బాగుంటుంది,” అన్నాను జాలిగా. కాదని చెప్పడానికి జాలిని మించిన పనిముట్టు లేదు. అనుభవంతో చెబుతున్నాను, రాసుకోండి.

“అది గుంటూర్లో ఉందండి సార్. రోజూ తీసుకుపోయి తీసుకొస్తే నేను పనికెప్పుడెళ్లేది? అయినా మీకు ట్రైనింగయిందంట కదా, హెడ్మాస్టర్ గారు చెప్పారు.”

చూశారా, మాస్టార్లు చదువుకుంటే ఎన్ని కష్టాలో!

ఆరో తరగతికి క్లాస్ టీచర్ని నేనే, చేర్చుకున్నాను. చివరి బెంచీలో, కిటికీ పక్కన. మొదటి పీరియడు బెల్లు మోగగానే అర్ఫా చెవులు మూసుకుని కేకలు పెట్టింది. ఊరుకోబెడదామని నేను అంతకంటే పెద్ద కేక పెట్టాను. ఎంత ఆశ్చర్యం, ఊరుకోలేదు! వెంటనే తల్లికి ఫోన్ చేశాను. “అమ్మా, మీ పాప ఏడుస్తోంది. వచ్చి తీసుకెళ్లు.”

పద్ధతి దొరికింది. పొద్దున్నే హాజరు, పదిన్నరకి ఫోను, పదకొండుకల్లా అర్ఫా ఇంట్లో. యాప్‌లో మాత్రం హాజరు నూటికి నూరు! మూడు వారాలు సహిత విద్య నా క్లాసులో దిగ్విజయంగా సాగింది.

నాలుగో సోమవారం ఖుర్షిదా ఫోను స్విచాఫ్. పదకొండుసార్లు చేశాను. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, ఒక పిల్లతో ఏం చేయాలో తోచక క్లాసు మధ్యలో నిలబడిపోయాను.

అప్పుడు ముందు బెంచీలోంచి స్తుతి అనే అమ్మాయి లేచి, నన్ను అడక్కుండానే వెళ్లి అర్ఫా పక్కన కూర్చుంది. నోట్‌బుక్కులో కాగితం చింపి రాసింది: లెక్కలు, బెల్లు, తెలుగు, బెల్లు, అన్నం. బెల్లుకి కాస్త ముందు ఆ మాట మీద వేలు పెట్టి చూపించింది. ఇద్దరూ చెవులు మూసుకున్నారు. బెల్లు మోగింది. ఇద్దరూ చేతులు తీశారు. అర్ఫా ఆ మాట మీద పెన్సిలుతో గీత కొట్టేసింది. సాయంత్రం దాకా కేక లేదు. అర్ఫాదీ లేదు, నాదీ లేదు.

“ఏం చేశావే?” అని అడిగాను.

“ఏం లేదు సార్. ఏం జరగబోతోందో ముందే చెప్తే తను భయపడదు. మీరేమో ఏదీ ముందు చెప్పరు కదా.”

బడి వదిలే వేళకి ఖుర్షిదా పరుగెత్తుకుంటూ వచ్చింది. మిరపకాయల మంట పిల్లకి అంటకుండా చేతికి కొంగు చుట్టుకుని అర్ఫా చేయి పట్టుకుంది.

“ఫోను నేనే ఆపేశానండి సార్. ఇంకొక్క రోజు మానితే పనికి రావద్దన్నాడు మేస్త్రి. కోప్పడకండి.”

కోపం వస్తుందేమోనని చూశాను. సిగ్గొచ్చింది. అలవాటు లేని సరుకు కదా, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాటి నుంచి రోజు వరుసంతా బోర్డు మూలన నేనే రాయడం మొదలుపెట్టాను. వరుస తప్పితే అర్ఫా వచ్చి బోర్డు మీద వేలితో కొడుతుంది. ఖుర్షిదా పని నిలబడింది. అర్ఫా సాయంత్రం దాకా బడిలో ఉంటోంది.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరు గారు బోర్డు చూసి ముచ్చటపడ్డారు. “ఎవరి ఆలోచనండీ ఇది?”

స్తుతి పేరు చెబుదామని నోరు తెరిచాను. సమయానికి దగ్గొచ్చింది. దగ్గు తగ్గేలోపు ఆయన నా పేరు రాసేసుకున్నారు! ఇప్పుడు మండలంలోని అరవై మంది టీచర్లకి మూడు రోజుల పాటు సహిత విద్య నేర్పబోయేది ఎవరనుకున్నారు? ఇదిగో, మీ ముందున్న ఈ మహానుభావుడే!

ట్రైనింగుకి ముందురోజు, నేర్చుకున్న పద్ధతి ప్రకారం అర్ఫా దగ్గరికెళ్లి ముందే చెప్పాను. “రేపటి నుంచి మూడు రోజులు నేను బడికి రానమ్మా.”

“లెక్కలు ఎవరు?” అంది. ఆ పిల్ల నన్ను అడిగిన మొదటి ప్రశ్న.

“ఎవరూ రారు. బళ్లో లెక్కలకి నేనొక్కణ్ణే కదా.”

అర్ఫా బోర్డు దగ్గరికెళ్లి ‘లెక్కలు’ అన్న మాటని అరచేత్తో తుడిచేసింది.

అందర్నీ సమానంగా చూడటం చేతకాదని మమ్మల్ని ఆడిపోసుకుంటారే, ఈ మూడు రోజులు మా మండలానికి వచ్చి చూడండి! ఆటిజం ఉన్న పిల్లలూ, లేని పిల్లలూ అన్న తేడానే ఉండదు. అరవై క్లాసుల్లో ఒక్కరికీ పాఠం లేదు!