భర్మార్ మూతి ఎటు పెట్టాలి

గౌడవెల్లి ముత్తయ్య ఆ ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. ఎన్నికలొచ్చాయి, లైసెన్సు తుపాకులున్నవాళ్ళంతా ఠాణాలో అప్పగించాలని కబురొచ్చింది. పొలం మీద పడే పందుల్ని బెదిరించడానికి నాయిన కాలం నుంచి ఇంట్లో ఉన్న భర్మార్ తుపాకీని తుడిచి, నూనె రాసి, మధ్యాహ్నంలోగా ఇచ్చేసి, వచ్చేటప్పుడు మేడ్చల్‌లో యూరియా బస్తా తెచ్చుకోవాలి. భార్య ఐలమ్మ పొద్దున్నే ఆకుకూరల గంప ఎత్తుకుని అంగడికి పోయింది. అడ్డొచ్చేవాళ్ళెవరూ లేరు, మంచిదే అనుకున్నాడు.

వాకిట్లో గోనెసంచి పరిచి, దూలం మీంచి తుపాకీ దించాడు. మూతిలోంచి మందు, గుండ్లు కూరి పేల్చే పాతరకం అది. నిండి ఉందో ఖాళీగా ఉందో పైకి తెలియదు. ఇనుప కడ్డీని గొట్టంలోకి జారవిడవాలి. ఖాళీ అయితే అడుగుదాకా పోయి ఠంగుమంటుంది, కొస మాత్రమే బయట మిగులుతుంది. ముత్తయ్య కడ్డీ వదిలాడు. అది ఠంగుమనలేదు. మెత్తగా ఆగింది. జానెడు కడ్డీ బయటే నిలబడిపోయింది.

"నేనైతే నింపలే," అన్నాడు ముత్తయ్య, వినేవాళ్ళెవరూ లేకపోయినా.

మందును అంటించేందుకు గొట్టం వెనక పెట్టే చిన్న రాగి టోపీ లేదు కాబట్టి పేలదని బుద్ధి చెబుతోంది. చేతులు మాత్రం ఆ మాట నమ్మడం లేదు. లోపలున్నది మందే అయితే మూతిలో నీళ్ళు పోసి తడిపేయాలి. నీళ్ళ తొట్టి ఇంటి వెనక ఉంది. తుపాకీ కింద పెట్టి పోదామంటే మూతి ఎటు పెట్టాలి? ఇంటివైపు గ్యాస్ బండ. రోడ్డువైపు బడి ఆటో వచ్చే వేళ. ఎత్తుకుని నడుద్దామంటే ఆ కుదుపుకేం అవుతుందో! చివరికి మూతిని పక్కింటి గోడవైపు తిప్పాడు. సరిగ్గా అప్పుడే గోడమీద వేపపుల్లతో సహా మైసయ్య తలకాయ లేచింది.

ఉమ్మడి బోరు దగ్గర ఎవరి వంతు ఎప్పుడన్న తగాదాలో ఇద్దరికీ వారం నుంచి మాటల్లేవు. అయినా ఇది అలిగే సమయం కాదు.

"మైసన్నా, జల్దీ నీళ్ళియ్యి!" అని అరిచాడు ముత్తయ్య.

మైసయ్య నోట్లోంచి వేపపుల్ల రాలిపోయింది. "ఇస్త ముత్తన్నా! నా వంతు గూడ నువ్వే తీస్కో! కాల్చకు!"

"గా నీళ్ళు గాదే! చెంబెడు సాలు!"

"చెంబెందుకే, బోరంత నీదే!" అంటూ మైసయ్య రెండు చేతులూ ఎత్తి వెనక్కి నడిచి, ఆపైన బోరు వేయడానికి మోటరు డబ్బా వైపు పరుగు తీశాడు. "ముత్తన్న తుపాకి వట్టిండుల్లో!" అన్న కేక వాడకట్టంతా వినబడింది.

ముత్తయ్య బెదిరి మూతిని ఇంకోవైపు తిప్పాడు. అటు కొత్త కాలనీ. అక్కడ బాల్కనీలో బ్యాంకులో రిటైరైన వెంకటరామయ్య కాఫీ తాగుతున్నాడు. కప్పుతో సహా నేలమీద బోర్లా పడి, "బాలా, బయటికి రాకు!" అని భార్యను హెచ్చరించి, పడుకునే పోలీసులకు ఫోన్ చేశాడు. "అవునండీ, తుపాకీయే! నీళ్ళ కోసం ఊరి మీద పడ్డాడండీ!"

జీపు వచ్చింది. ఎస్సై గేటు చాటు నుంచి గర్జించాడు. "తుపాకీ కింద పెట్టు!"

"పెట్టరాదు సార్, నిండున్నది!"

"నింపుకొని ఎవర్ని సంపుదామనుకున్నవ్?"

"నేను నింపలే సార్!"

"మరెవరు నింపిన్రు?"

"గదే తెలుస్తలేదు."

"అయితే ఇటియ్యి."

ప్రాణం లేచొచ్చి ముత్తయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. ఎస్సై రెండడుగులు వెనక్కి వేశాడు. "ఆడనే ఉండు!"

ఆ సమయానికి ఖాళీ గంపతో ఐలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఏందయ్యా గీ లొల్లి? గొట్టంల ఉన్నది గుడ్డనే! కందిరీగలు గూడు వెడుతున్నయని నేనే నా పాత చీర పేలిక కూరిన."

ముత్తయ్య కడ్డీకి మరమేకు బిగించి, మెలితిప్పి లాగాడు. నిజంగానే మూరెడు చీరపేలిక బయటికొచ్చింది. వాకిలంతా నవ్వులు. మైసయ్య గోడ దూకి వచ్చి ముత్తయ్యను వాటేసుకున్నాడు. వెంకటరామయ్య మెట్లు దిగి వచ్చి, "నేను ముందే అనుకున్నానండీ," అన్నాడు. కానిస్టేబుల్ ఒకడు తుపాకీ పక్కన నిలబడి ఫొటో దిగాడు.

"మంచిది. ఇంకోసారి కడ్డీ ఏసి సూపెట్టు, తీస్కపోత," అన్నాడు ఎస్సై దగ్గరికొచ్చి.

ముత్తయ్య ధీమాగా కడ్డీ వదిలాడు. మళ్ళీ ఠంగుమనలేదు. నాలుగు వేళ్ళ కడ్డీ ఇంకా బయటే ఉంది.

"నేను కూరింది మీదున్న గుడ్డనే," అంది ఐలమ్మ. "కింద మందు నీదే. పోయిన వానకాలం పందులొచ్చిన్నాడు నింపితివి, పేలకపాయె, తెచ్చి దూలం మీద వెడితివి. మర్సినవా?"

ముత్తయ్య తలెత్తేసరికి వాకిట్లో ఎవరూ లేరు. "నీళ్ళు పొయ్యి!" అన్న ఎస్సై గొంతు గడ్డివాము వెనక నుంచి వచ్చింది. చెంబు మాత్రం గోడమీంచి మైసయ్య అందించాడు.

నీళ్ళు పోసి నాననిచ్చాక, గుండ్లు రాలాయి, వెనకే మందు నల్లటి బురదై ఊడివచ్చింది. ముత్తయ్య గొట్టాన్ని వేడినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నూనె పట్టించాడు. కడ్డీ వదిలితే ఠంగుమంది. ఎస్సై దూరంగానే ఉండి మళ్ళీ మళ్ళీ వేయించుకుని ఆ చప్పుడు విన్నాడు.

తరవాత తుపాకీతో ముత్తయ్య జీపులో ఠాణాకు బయలుదేరాడు; డ్రైవరు తప్ప మిగతా పోలీసులంతా బస్సెక్కారు.