రెండు, నూట ఇరవై ఏడు, సున్నా

భార్య ఆసుపత్రిలో చూపించుకుని తిరిగొచ్చేలోగా ఆమెకో గొంతు సిద్ధం చేసిపెట్టాలని, గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషి పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గొంతు ఆపరేషన్‌లో మాట పోయినప్పటి నుంచి ఆమె పలక మీద రాసి చూపిస్తోంది. పలక మీద తిట్టు తిట్టులా ఉండదు. ఇంట్లో ఇప్పుడు నోరున్నవి గోడ గడియారాలే.

టైపు చేసింది పైకి చదివే ప్రోగ్రామ్ ఒకటి ఉచితంగా దొరికింది. అయితే తయారు సరుకు కాదు. రాసినవాళ్ళు మూలరాత, అంటే సోర్స్ కోడ్, ఇచ్చి ఊరుకున్నారు. ఎవరి కంప్యూటర్లో వాళ్ళు కట్టుకోవాలి. విడిభాగాలు బిగించడం తనకు కొత్తా అనుకుని, సాయానికి బామ్మర్దిని పిలిచాడు. బామ్మర్ది గుమాస్తా. కంప్యూటరంటే భయం లేదు, అదే చిక్కు.

మీట నొక్కగానే తెర మీద అక్షరాలు జడివానలా కురిసి ఆగాయి. అట్టడుగున 'ఎర్రర్ 2' అని ఉంది.

"రెండే తప్పులు బావా! ఇది కట్టడానికని నిన్న నువ్వు కంప్యూటర్లో ఎక్కించిన పనిముట్లూ రెండేగా? దొంగలు దొరికారు. పీకేద్దాం."

పీకేశారు. మళ్ళీ నొక్కారు. ఎర్రర్ 127.

"ఒరేయ్, రెండు తీస్తే నూట ఇరవై ఏడు పుట్టాయేంట్రా!"

"చీమలపుట్టలో చెయ్యి పెట్టినట్టున్నాం బావా..."

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే ఆమె వచ్చేసింది. ఏం జరుగుతోందన్నట్టు కళ్ళెగరేసింది.

"నీ మాట వినక చెవులు తుప్పు పట్టాయి," అన్నాడాయన నేల చూస్తూ. "ఏదో చేద్దామనుకున్నా. ఇదిగో, ఇలా అఘోరించింది."

ఆమె పలక అందుకుంది. 'చివరి వరసే చదివారా?'

"తప్పు అక్కడేగా చూపిస్తోంది!"

'మీకు కోపమొస్తే ఆఖర్న చెప్పుల మీద అరుస్తారు. అసలు సంగతి పొద్దునెప్పుడో జరిగుంటుంది.'

బామ్మర్ది కిసుక్కుమన్నాడు. ఆమె తెరను పైపైకి జరుపుకుంటూ పోయి, ప్రోగ్రామ్‌తో వచ్చిన వివరాల పేజీ పక్కన పెట్టుకుని చదివింది. ఆ అంకెలు అసలు తప్పుల లెక్క కావు. రెండంటే పని మధ్యలో ఆగిందని. ఎందుకాగిందో పైన ఉంది, శబ్దం పలికించే భాగం ఒకటి లేదు. నూట ఇరవై ఏడంటే పిలిచిన పనిముట్టు కనబడలేదని. కనబడదు మరి, ఇద్దరూ కలిసి దాన్నేగా పీకి పారేసింది. పీకినవి మళ్ళీ ఎక్కించి, లేనిది తెచ్చి చేర్చి, ఆమే మీట నొక్కింది.

వాన కురిసి ఆగింది. అడుగున సున్నా.

"అయిపోయింది అక్కా! గుండుసున్నా! మొత్తం తుడిచేసి మొదట్నించి..."

చాచిన వాడి చేతి మీద ఫట్‌మని ఒక్కటిచ్చిందామె. 'సున్నా అంటే ఏ గొడవా లేదని!'

ఆమె ఏదో టైపు చేసింది. పెట్టెలోంచి బొంగురు మగగొంతు ఒకటి, రైళ్ళ రాకపోకలు చెప్పినట్టు పలికింది:

"ఏమండీ. పొద్దున్నించి. ఏమైనా. తిన్నారా."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "ఇంకోసారి అడగవూ?"

అడిగింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. ఆ తర్వాత ఇన్నాళ్ళూ పలకలో పట్టని తిట్లన్నీ ఒక్కొక్కటే అందుకుంది.

సాయంత్రానికి పక్కింటివాళ్ళు వచ్చి, మీ ఇంట్లో ఆయనెవరో కాస్త మెల్లగా మాట్లాడితే బాగుంటుందన్నారు.