ధ్రువ్‌యాన్ పద్నాలుగో ఎపిసోడ్

"దేశం సగంలో వదిలేసిన కథని ఈ దీవులు పూర్తి చేస్తాయి" అని ద్వీప ప్రగతి పార్టీ కన్వీనర్ యుగంధర్‌గారు బాంబూఫ్లాట్ బజారులో ప్రకటించారు. ఏ కథో చెప్పలేదు. పెద్ద నాయకులు వివరాల్లోకి దిగరు. జనం చప్పట్లు కొట్టారు. మైకు పక్కన నిలబడ్డ లోకనాథం మాత్రం కొట్టలేదు. ఒక చేయి యాంప్లిఫయర్ మీదుంది, రెండో చేత్తో నుదుటి చెమట తుడుచుకుంటున్నాడు.

అరగంట క్రితం మైకు బిగిస్తూ ఆయన్ని ఒక చిన్న సాయం అడిగాడు. జెట్టీ పక్కనున్న ఖాళీ షెడ్డు మూడు ఆదివారాలు వాడుకోనిస్తారా అని.

"దేనికి?" అన్నారు యుగంధర్‌గారు.

"పాత సీరియల్ ఒకటుంది సాబ్. మధ్యలో ఆపేసినారు. మిగతాది మేమే ఫోన్‌తో తీసుకుందామని."

"సీరియల్‌లో ఏముంది?"

"అంతరిక్ష నౌక."

యుగంధర్‌గారు కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆలోచించారు. ఆయన ఆలోచించడం జిల్లాలో చాలామంది చూడలేదు. లోకనాథం చూశాడు.

ఆ సీరియల్ పేరు ధ్రువ్‌యాన్. బాంబూఫ్లాట్ మొత్తానికి క్లబ్బులో ఒకే టీవీ ఉన్న రోజుల్లో పదమూడు వారాలు వచ్చింది. పదమూడో వారం తారిక అనే అమ్మాయి నీళ్ళ కోసం ఎర్ర గ్రహం మీద దిగింది. తుపాను లేచింది, తలుపు మూసుకుంది, "తిరిగి వస్తాను" అని కెప్టెన్ అరుస్తుండగా నౌక పైకి లేచింది. వచ్చే వారం అదే సమయానికి అందరూ చాపలు పరుచుకుని కూర్చుంటే, కొబ్బరి చెట్ల తెగుళ్ళ మీద కార్యక్రమం వచ్చింది. ఆ తర్వాత ధ్రువ్‌యాన్ మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు క్లబ్బులో ముందు వరసలో ఏడ్చిన పిల్ల గురువమ్మ. ఇప్పుడు ఆమెకి నలభై ఆరేళ్ళు, పక్కనే హోప్ టౌన్‌లో కాపురం, రోజూ చేపల తట్టతో ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున అమ్ముకొస్తుంది. లోకనాథం మైకుసెట్ల షాపు ముందు తట్ట దించినప్పుడల్లా ఒకే మాట: "ఆ పిల్ల ఇంకా అక్కడే ఉండిపోనాది భయ్యా. ఎవులు తెస్తారు?"

ఏళ్ళ తరబడి విన్నాక లోకనాథం కథ రాశాడు. తెలుగు రాయడం అంతంత మాత్రం గనక హిందీ అక్షరాల్లో తెలుగు మాటలు రాశాడు. కెప్టెన్ తనే. తారిక గురువమ్మ. ఆ గ్రహం మీద కూడా ముప్పై ఎనిమిదేళ్ళు గడిచాయి గనక వయసు సరిపోయింది.

యుగంధర్‌గారి ప్రకటన తర్వాత పని వేగం పుంజుకుంది. అంటే ఆగిపోయింది. షెడ్డుకి ఇప్పుడు అనుమతి కావాలి. గురువమ్మని వెంటబెట్టుకుని లోకనాథం, జెట్టీలూ ఫెర్రీలూ చూసుకునే ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడి ఆఫీసరు స్క్రిప్టు మొత్తం వినిపించుకున్నారు. కళాపిపాసి.

"ఈ తారిక ఎక్కడినుంచి వస్తోంది?"

"ఎర్ర గ్రహం నుంచి సార్."

"అది మెయిన్‌లాండ్ కిందికి వస్తుందా, ఫారిన్ కిందికా?"

లోకనాథం గురువమ్మ వంక చూశాడు.

"ఈ ఊరి పిల్లే సార్" అంది గురువమ్మ. "పనిమీద ఎల్లింది. బోటే దాన్ని వదిలేసి వచ్చేసినాది."

"ఈ దీవుల మనిషని ఐలాండర్ కార్డు ఉందా?"

"నాకుందండి."

"నీది కాదమ్మా. ఆవిడది."

సమస్య క్లిష్టమైంది. యుగంధర్‌గారు ఫోన్ చేసి, తారిక తరఫున తామే హామీ ఉంటామన్నారు. ఊరూ పేరూ లేని మనిషికి, అసలు పుట్టని మనిషికి హామీ ఉండటానికి ఎంత గుండె కావాలి? ఆఫీసరు కూడా కదిలిపోయారు. అంతేకాదు, నౌక కూడా ఆఫీసు ద్వారానే కట్టిద్దామన్నారు. ఫారం తీసి, లోకనాథం దరఖాస్తు మీద పెన్ను పెట్టి ఆగారు.

"అంతరిక్ష నౌక అనే పద్దు మా దగ్గర లేదు. నౌక ఉంది. ముందు మాట కొట్టేస్తున్నాను. అభ్యంతరమా?"

"లేదు సార్" అన్నాడు లోకనాథం. నౌక దొరికితే చాలని అతని ఆశ.

"సీట్లు ఎన్ని?"

"ఇద్దరమే సార్, నేనూ తారికా."

"నలభైకి తక్కువ ఫారంలో లేదు." నలభై రాసుకున్నారు.

నెల తిరిగేసరికి షెడ్డులో నాలుగు డ్రమ్ముల మీద ప్లైవుడ్ నౌక లేచింది. వెండిరంగు కాగితం అంటించారు. లోపల నలభై లైఫ్ జాకెట్లు, ఉమ్మివేయరాదు అన్న బోర్డు కూడా వచ్చాయి. యుగంధర్‌గారు రిబ్బన్ కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, నౌక ముక్కుకి దండ వేశారు. విలేకరి ఒకడు "ఇది తేలుతుందా?" అని అడిగాడు. "విమర్శించేవాళ్ళు ఎప్పుడూ కిందికే చూస్తారు" అన్నారు యుగంధర్‌గారు, పైకి చూస్తూ.

తర్వాత లోకనాథాన్ని పక్కకి పిలిచారు.

"అందులో నాకూ ఒక పాత్ర ఉండాలి కదా భయ్యా."

"గ్రహం రాజు వేషం ఉంది సాబ్."

"వేషాలు వద్దు. నాయకుడనేవాడు నటించకూడదు. నన్ను నన్నుగానే పెట్టు."

"కథ జరిగేది ఇంకో నాలుగొందల ఏళ్ళకి సాబ్."

"అప్పుడు కూడా నేనే కన్వీనర్‌ని" అన్నారాయన వినయంగా.

అలా కెప్టెన్ బయలుదేరే ముందు కన్వీనర్‌గారి సిఫారసు ఉత్తరం తీసుకునే సన్నివేశం చేరింది. ఉత్తరం ఇస్తూ ఆయన రెండు మాటలు చెప్పారు. పదకొండు నిమిషాలు పట్టింది. ఇరవై రెండు నిమిషాల సినిమాలో అది సగం. లోకనాథం రాసుకున్న తుపాను, రెండు చందమామలు, తలుపు తెరుచుకోవడం, అన్నీ మిగతా సగంలో ఒదిగి కూర్చున్నాయి. ఆ రోజు ఇంటికెళ్ళి అతను అన్నం సరిగా తినలేదు. కానీ నౌక ఆయన ఇప్పించింది. నౌక లేకపోతే పిల్లని తెచ్చేదెలా?

స్కూలు హాల్లో పట్టపగలు కిటికీలకి దుప్పట్లు కట్టి సినిమా వేశారు. కన్వీనర్‌గారి ప్రసంగం రాగానే జనం క్రమశిక్షణతో లేచి టీకి వెళ్ళారు, సరిగ్గా పదకొండో నిమిషానికి తిరిగొచ్చారు. కెప్టెన్ ఎర్ర గ్రహం మీద దిగాడు. బండ పక్కన తలనెరిసిన తారిక నీళ్ళ డబ్బాతో కూర్చునుంది. అక్కడ లోకనాథం పేజీన్నర డైలాగు రాశాడు. షూటింగ్ రోజున గురువమ్మ అదంతా మరిచిపోయి, అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఇంతసేపా భయ్యా? బోట్ దొరకనేదా ఏటి?" అనేసింది. లోకనాథం దాన్నే ఉంచాడు. హాల్లో ముందు నవ్వు లేచింది. తర్వాత ముక్కులు చీదుకున్న చప్పుడు వినబడింది. తెర మీద గురువమ్మ తలుపు దాటి లోపలికొచ్చి సీట్లో కూర్చుంటుంటే, కింద గురువమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ముప్పై ఎనిమిదేళ్ళకి పద్నాలుగో ఎపిసోడ్ అయింది. లోకనాథం లేచి కిటికీల దుప్పట్లు విప్పాడు.

ఆ వర్షాకాలంలోనే బాంబూఫ్లాట్ ఫెర్రీ మరమ్మతుకి వెళ్ళింది. రెండు వారాలన్నారు. మూడు నెలలైంది. రోడ్డున చుట్టు తిరిగి వెళ్తే పూట గడిచిపోతుంది, అప్పటికి గురువమ్మ చేపలు ఎవరూ కొనరు. ఇంకో బోటు వెయ్యమని ఊరంతా సంతకాలు పెట్టి లోకనాథం చేతికిచ్చి పంపారు. ఆఫీసరు రిజిస్టరు తీసి ఆప్యాయంగా చూపించారు.

"మీ ఊరికి రెండు నౌకలున్నాయి. ఒకటి మరమ్మతులో. రెండోది సర్వీసులో."

"రెండోది ప్లైవుడ్ సార్."

"దేంతో చేశారన్నది ఇక్కడ కాలమ్ లేదు." ఆయన వేలు వరస వెంట నడిచింది. "నలభై సీట్లు. ప్రమాదాలు లేవు. ఒక్క రోజు లేటు లేదు. ఫిర్యాదు లేదు. డీజిల్ చుక్క తాగలేదు. మిగతా బోట్లకి ఆదర్శం భయ్యా ఇది."

వారం తిరక్కుండా ఆహ్వానం వచ్చింది. ఈ సంవత్సరపు ఉత్తమ నౌక అవార్డు ధ్రువ్‌యాన్‌కి ఇస్తున్నారు. అవతలి ఒడ్డున సభ, ఉదయం పది గంటలకి. కెప్టెన్‌గారు స్వయంగా వచ్చి అందుకోవాలి.

లోకనాథం సినిమాలో వేసుకున్న తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని ఎనిమిదింటికే జెట్టీకి వచ్చాడు, ఎవరిదైనా చిన్న డింగీ పడవ దొరకకపోతుందా అని. గాలి ఎక్కువగా ఉందని డింగీలేవీ తీయలేదు. అప్పటికే జెట్టీ నిండా అదే ఆశతో వచ్చిన జనం. గురువమ్మ తట్ట దించుకుని కూర్చునుంది. పదైంది. పక్కనున్నాయన ఫోన్‌లో సభ లైవ్ పెట్టాడు. అందరూ మూగారు.

కెప్టెన్ లోకనాథం అని పిలిచారు. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచారు. యుగంధర్‌గారు లేచి షీల్డు తామే అందుకుని, మైకు సవరించుకున్నారు.

"మన కెప్టెన్‌గారు రాలేకపోయారు. కారణం మీకందరికీ తెలుసు. అవార్డు కంటే ఆయనకి డ్యూటీ ముఖ్యం. ఈ క్షణంలో కూడా ఆయన బాంబూఫ్లాట్ ప్రయాణికుల మధ్యే ఉన్నారు."

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇటు జెట్టీ మీద గురువమ్మ తట్ట మీది తడిగుడ్డ సర్ది, యూనిఫాంలో ఉన్న లోకనాథం వంక చూసింది.

"భయ్యా, ఎంతవరకూ వచ్చినాం?"

లోకనాథం అవతలి ఒడ్డుకేసి చూశాడు.

"సగం దాటినట్టున్నాం."

"అయితే ఒడ్డు రాగానే లేపు" అని ఆమె తట్టకి తల ఆనించుకుంది.