పరిశీలనలో ఉన్న నీడ

గుండ్లూరులో ఏ భవనానికైనా, కట్టకముందే నీడ పడుతుంది. ప్రతిపాదన పురపాలక కార్యాలయం మెట్లెక్కిన మర్నాడే ఖాళీ స్థలంలో నీడ పరుచుకుంటుంది. కట్టే అవకాశం ఎక్కువైతే చిక్కగా, తక్కువైతే పలచగా. దీన్నెవరూ వింతగా చూడరు. రాయలసీమ ఎండలో నీడ దొరకడమే గొప్ప, ఎక్కడినుంచి వచ్చిందని ఎవరడుగుతారు?

ఆ ఏడు నిధులు ఒక్క భవనానికే వచ్చాయి. పోటీలో ఉన్నవి కిడ్నీ ఆసుపత్రి, వాణిజ్య సముదాయం. ఏది జనానికి పనికొస్తుందో, ఏది పాడుబడుతుందో ముందే తెలియదు కాబట్టి, రెండు నీడలనూ వేసవంతా గమనించమని అసిస్టెంట్ ఇంజనీరు చంద్రకళను పంపారు. ఆమెకు ప్రతిదీ తరచి చూసే గుణం. టేపు పట్టుకుని నీడల్లోకి దిగింది.

వాణిజ్య సముదాయం నీడలో కుక్క కూడా పడుకోలేదు. ఆసుపత్రి నీడలో కాలు పెట్టే సందు లేదు. రోగులు చాపలు తెచ్చుకుని, లోపల వేయబోయే మంచాల నీడల మీద పరుచుకుని పడుకున్నారు. నర్సు నీడ నుదుటి మీదుగా సాగితే వాంతులు తగ్గుతున్నాయి. ఆ వరుసలో చంద్రకళ వదిన నాగమణి కూడా ఉంది. డయాలసిస్ కోసం జిల్లా కేంద్రానికి బస్సులో తిరిగి తిరిగి సగమైపోయిన మనిషి.

"ఈడ పండుకుంటే పానం హాయిగా ఉంటాది చంద్రా," అంది నాగమణి. "అయితే మిషను నీడ రగతాన్ని కడగదు గదా. నిజంది ఎప్పుడు కడతారు?"

చంద్రకళ టేపు చుట్టేసి కార్యాలయానికి వెళ్లింది. ఆసుపత్రే కట్టాలని నివేదికలో నొక్కి రాసింది.

చైర్మన్ శివశంకరయ్య శ్రద్ధగా చదివాడు. "కట్టకుండానే పని చేస్తాంది గదమ్మా! పని చేసేదానికి మళ్లా దుడ్లు ఎందుకు? రెండోదాని నీడకు ఎవురూ పోలే. కడితేనే పోతారు." కమిటీ తల ఊపింది.

"అయితే ఆసుపత్రిని తిరస్కరిస్తారా సార్?"

"ఛ ఛ! తిరస్కరిస్తే నీడ పోతాది. పరిశీలనలో పెడదాం. సంతకం చెయ్యి."

ఆ క్షణాన వదిన ఆ నీడలోనే పడుకుని ఉంది. చంద్రకళ సంతకం చేసింది.

వాణిజ్య సముదాయం లేచింది. పునాది తవ్విన రోజే దాని పాత నీడ చెరిగిపోయింది. నీడలో హాయిగా ఉండటంతో నాగమణి బస్సెక్కడం తగ్గించింది, తర్వాత మానేసింది. ఎంత చెప్పినా వినలేదు. కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఆ చాప మీదే పోయింది. మనిషిని తీసుకెళ్లారు. ఆమె నీడ మాత్రం మంచం నీడ మీద ఉండిపోయింది. ఆరోగ్యం నిలకడగా ఉందని కార్యాలయం నమోదు చేసింది. చంద్రకళ అన్న ఓబులేసు రోజూ వచ్చి పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నాడు.

మరుసటి ఏడు ఆసుపత్రికి నిధులు వచ్చాయి. నీడ కారుమబ్బులా చిక్కబడింది. చంద్రకళ ముగ్గుపిండితో పునాది గీత గీయబోతే ఓబులేసు అడ్డంగా నిలబడ్డాడు.

"తవ్వితే నీడ పోతాది గదా చంద్రా. మీ వదిన యాడికి పోతాది?"

చాపల మీదివాళ్లంతా తలలెత్తి ఆమెనే చూశారు. ఆమెకు ఏడుపొచ్చింది. ముగ్గుపిండి డబ్బాకు మూత పెట్టి కార్యాలయానికి వెళ్లింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే రాసింది: పరిశీలనలో ఉంది.

మర్నాటికి నీడ కాస్త పలచబడింది. రోగులు ఒకరి దగ్గరికొకరు జరిగి, కొత్తగా వచ్చినవాళ్లకు చోటిచ్చారు.