రెండు తువ్వాళ్ల పరిశోధన

ఆయనకు భార్య పెట్టిన పేరు సలహాదారు. ఎవరూ అడగక్కర్లేదు, ఇచ్చేస్తాడు. అలాంటివాడి కూతురు తొమ్మిదో తరగతిలో సైన్సు ప్రాజెక్టు చేస్తుంటే ఊరుకుంటాడా?

సోమవారం టీచరుకి పరిశోధన ప్రశ్న చూపించాలి. అది నచ్చకపోతే ఆ పిల్ల ఇంకెవరి బృందంలోనో చేరి అట్టలు అతికించుకోవాలి.

"రాసుకో తల్లీ," అన్నాడు సలహాదారు. "ప్రపంచ నీటి కొరత: కారణాలు, పరిష్కారాలు."

"పరిష్కారం కూడా ఈ పిల్లే చూపించాలా? మధ్యలో దీన్ని అన్నం తిననిస్తారా?" అంది భార్య.

"నాన్నా, దీన్ని ఇంట్లో ఎలా కొలవను?" అంది కూతురు.

సలహాదారు పైకి చూశాడు. అక్కడ ఫ్యాను తప్ప జవాబేమీ లేదు.

కూతురూ పైకి చూసింది. "తడి తువ్వాలు ఎండలో త్వరగా ఆరుతుందా, ఫ్యాను కింద ఆరుతుందా?"

"ఇదీ ఒక ప్రశ్నేనా! ఎండలోనే!"

"సరే, ఎండే గెలిస్తే నీ ప్రశ్నే తీసుకుంటా."

ఆ మాటతో ఆయన కళ్లు మెరిశాయి.

ఆదివారం పొద్దున్న కూతురు ఒకే రకం తువ్వాళ్లు రెండు తీసి, ఒకే మగ్గుతో నీళ్లు పోసి, వంటింటి త్రాసు కోసం వెళ్లింది. అంతే, సలహాదారు ఎండలో వేయాల్సిన తువ్వాలును సింకు దగ్గర ప్రాణం పోయేలా పిండేశాడు.

కూతురు రెండూ తూచింది. మళ్లీ తూచింది. "అమ్మా, ఇది సగం తేలికైపోయింది!"

"ఎండ మన సింకు దాకా వచ్చి వెళ్లిందన్నమాట," అంది భార్య. "ఏమండీ, చొక్కా తడిసిందేం?"

"చెమట."

"చొక్కా చేతులకే పట్టిందా?"

కూతురు కోప్పడలేదు. తువ్వాళ్లు మళ్లీ తడిపి, తూచి, ఆరేసింది. నాన్నను పడగ్గదిలో కూర్చోబెట్టి గడియ పెట్టింది.

గాలి ఆడని రోజేమో, ఫ్యాను కింది తువ్వాలే ముందు ఆరింది. గడియ తీసి కూతురు ఆ మాటే చెప్పింది.

"గెలిచావు తల్లీ," అన్నాడు సలహాదారు, తల దించుకుని.

"ఇంకా తెలీదు నాన్నా. గాలి ఉన్న రోజున కూడా చూడాలి. ఒక్కసారికే ఎలా నమ్ముతాం?"

ఆయన తల ఎత్తి కూతుర్ని చూశాడు. తను చూడకముందే జవాబు చెప్పేశాడు. ఈ పిల్ల చూశాక కూడా అడుగుతోంది.

సోమవారం ప్రశ్నకు టీచరు ఒప్పుకుంది. ప్రణాళిక బాగుందని తరగతిలో చదివి కూడా వినిపించిందట.

"నా గురించి ఏమైనా రాశావా?" అన్నాడు సలహాదారు, ఆశగా.

"రాశాను నాన్నా. 'జాగ్రత్తలు' అన్న శీర్షిక కింద."

మర్నాడు ఆఫీసులో కనపడ్డ ప్రతివాడికీ చెప్పాడు, కూతురి పరిశోధనలో తన ప్రస్తావన ఉందని. ఏ శీర్షిక కిందో మాత్రం ఎవరూ అడగలేదు. అడగకుండా ఇవ్వనిది ఆయన జీవితంలో అదొక్కటే.